పక్కపక్కన పెట్టిన చెక్కబూట్లు

చెక్కబూట్లు వేసుకున్న మనిషి ఎక్కడుందో కళ్లతో వెతకక్కర్లేదు. మెట్ల మీద టకటక వినబడుతూనే ఉంటుంది. నా చెల్లెలు ఫిలోమెన్ మా గుట్ట దిగుతుంటే ఎన్నో మెట్టు మీద ఉందో నేను మంచం మీద నుంచే చెప్పగలిగేదాన్ని. 1886 జనవరిలో ఒక పొద్దున ఆ చప్పుడు సోన్ నది దాకా వెళ్లి ఆగిపోయింది.

మేమిద్దరం ఉతుకుడు పడవలో పనిచేసేవాళ్లం. లియాన్ రేవుకు గొలుసులతో కట్టేసిన ఆ చెక్క పడవల్లో, గడ్డి పరిచిన పెట్టెల్లో మోకాళ్ల మీద వరసగా కూర్చుని, ఊరివాళ్ల దుప్పట్లు బాదేవాళ్లం. ఆ రోజు నేను వెళ్లేసరికి ఫిలోమెన్ పెట్టె ఖాళీగా ఉంది. పడవ అంచున ఆమె చెక్కబూట్లు రెండూ, ఇంట్లోకి వస్తూ గుమ్మం దగ్గర విడిచినట్టు, పక్కపక్కన ఉన్నాయి. కుడి బూటులో పెళ్లి ఉంగరం ఉంది. వెనక నుంచి ఎవరో వస్తున్న అలికిడయింది. ఉంగరం తీసి నోట్లో పెట్టుకున్నాను.

పోలీసు కమిషనర్ అడిగినప్పుడు కూడా అది నా చెంప లోపలే ఉంది.

"బూట్లు ఇంత పద్ధతిగా ఎవరు పెట్టారు?"

"నేనే సర్దానండీ. చెల్లాచెదరుగా పడి ఉంటే."

"జారిపడిందంటావా?"

"జారిపడిందండీ."

శిలువ మీద ప్రమాణం చేశాను. ఆయన 'ప్రమాదం' అని రాసుకున్నాడు. ఫాదర్ గారు పూజ చేసి, నదిలో దొరికిన ఆమె శవాన్ని పవిత్రమైన మట్టిలో పెట్టనిచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె ఆరేళ్ల కూతురు అగాత్‌ని మఠం వాళ్లు తీసుకున్నారు. తనంతట తాను చచ్చినదాని బిడ్డని ఆ మఠంలో గడప తొక్కనివ్వరు. ఆ పాపం పాలతో దిగుతుందని వాళ్ల నమ్మకం. అగాత్ అక్కడే పట్టుదారం చుట్టడం నేర్చుకుంది, ప్రార్థనలు నేర్చుకుంది. పదిహేడేళ్లకి, తొంభై ఏడు ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగ నాడు, సన్యాసినిగా ముసుగు వేసుకోబోతోంది. దానికంటూ లోకంలో ఒక చోటు ఉందంటే ఆ ముసుగు కిందే. అది నేను చెప్పిన ఒక్క అబద్ధం మీద నిలబడి ఉంది.

నాకు చదువు ఎవరూ చెప్పలేదు. దుప్పట్ల మూలల్లో ఎర్రదారంతో కుట్టిన ఇంటి గుర్తులే నా అక్షరాలు. వాటి తర్వాత బట్టలు చుట్టి ఇచ్చిన పాత పత్రికలు. నా మొగుడు పనామాలో కాలువ తవ్వడానికి వెళ్లి జ్వరంతో పోయినప్పుడు వచ్చిన కాగితం నేనే చదువుకున్నాను. ఇంకొకరి నోట వినాల్సిన పని లేకపోయింది. చదువు వచ్చినందుకు నాకు దక్కిన మొదటి లాభం అదే.

తొంభై ఆరు వసంతంలో ప్రొఫెసర్ వాలాదియే గారి బట్టలు మా పడవకి రావడం మొదలయ్యాయి. ఒకసారి చొక్కా జేబులో ఆయన రాసుకున్న కాగితం ఉండిపోయింది. తీసుకెళ్లి ఇస్తూ, "మూడో వరసలో కూడిక తప్పిందండీ" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చాలాసేపు నన్ను చూశాడు. ఆ వారమే నన్ను కాగితాలు నకలు రాయడానికి పెట్టుకున్నాడు. మోకాళ్లు తడవని పని. నా అదృష్టానికి కారణం నా తెలివేనని అనుకున్నాను.

ఆయన కొత్త శాస్త్రం చెప్పేవాడు. నక్షత్రాలకీ రాళ్లకీ నియమాలు ఉన్నట్టే మనుషుల గుంపులకీ ఉంటాయని ఆ శాస్త్రం. దానికి పేరు పెట్టినాయన అరవై ఏళ్ల కిందటి మనిషి.

"పేరు పెట్టకముందు ఆయనే ఒకసారి మతి చెడి రాజధానిలో సేన్ నదిలో దూకాడట" అని గాస్పార్ నా చెవిలో చెప్పాడు. "ఎవడో సిపాయి జుట్టు పట్టి లాగాడట. చూశావా, ఓదీలక్కా, మన శాస్త్రం పుట్టకముందే నీళ్లు తాగింది."

గాస్పార్ ప్రొఫెసర్ గారి సహాయకుడు, ముప్పై ఏళ్లవాడు. మా గుట్ట మీది నేతగాళ్ల ఇంటి బిడ్డ. వాళ్ల తాతని నేతగాళ్ల తిరుగుబాటులో సైన్యం కాల్చేసింది. ఆ ముక్క రోజుకొకసారైనా చెప్పకుండా ఉండేవాడు కాదు.

మా పని చావులతో. మంత్రిత్వ శాఖ నుంచి, పోలీసు ఠాణాల నుంచి అట్టపెట్టెల్లో రిపోర్టులు వచ్చేవి. ఉరి వేసుకున్నవాళ్లు, బొగ్గుపొగ పీల్చినవాళ్లు, దూకినవాళ్లు. ఒక్కో చావుకి ఒక్కో కార్డు. వయసు, మతం, పెళ్లి, పిల్లలు, నెల, ఊరు. భోజనాల బల్ల మీద నాలుగు కుప్పలు పెట్టేవాళ్లం, గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక నది రాయి.

మొదటి రాయి కింద, ఎవరితోనూ ముడి లేక వదులైపోయినవాళ్లు. రెండో దాని కింద ముడి మరీ బిగిసినవాళ్లు. పటాలం పరువు కోసం తుపాకి తనవైపు తిప్పుకున్న సిపాయిల్లాంటివాళ్లు. మూడో కుప్ప, కొలబద్ద విరిగినవాళ్లది. ఉన్నట్టుండి చితికినవాళ్లే కాదు, ఉన్నట్టుండి కలిసొచ్చినవాళ్లు కూడా. ఎంత కోరుకోవాలో తెలియనివాడికి ఎంతొచ్చినా చాలదనేవాడు ఆయన. నాలుగోది చిన్నది, నియమాల బరువు కింద నలిగినవాళ్లది. దాన్ని ఆయన అంతగా పట్టించుకునేవాడు కాదు. పుస్తకంలో అడుగున ఒక చిన్న గమనికకి సరిపోతుందనేవాడు.

"మా గుట్ట మొత్తం ఆ నాలుగో రాయి కిందే పడుతుందండీ" అనేవాడు గాస్పార్. "అందుకే కుప్ప చిన్నదిగా ఉందేమో. మావాళ్లకి చావడానికి సెలవు దొరకదు."

ప్రొఫెసర్ గారికి కోపం వచ్చేది కాదు. "సమాజం గోడలాంటిది గాస్పార్. మనం పుట్టకముందే కట్టి ఉంటుంది, పోయాక కూడా ఉంటుంది. తల వేసి కొట్టుకుంటే తలకే దెబ్బ."

"గోడ సరేనండీ. అద్దె ఎవరు వసూలు చేస్తున్నారు?"

"అదిగో, మొదలెట్టాడు."

"అదొక్కటే ప్రశ్నండీ. మగ్గం ఒకడిది, వేళ్లు ఇంకొకడివి. మిగతాదంతా గోడకి వేసిన సున్నం."

ఐదు వందల ఏళ్ల కిందట ట్యూనిస్‌లో పుట్టిన ఒక న్యాయాధికారి రాసిన సంగతి కూడా ఆ బల్ల దగ్గరే విన్నాను. ఎడారిలో ఒకరినొకరు అంటిపెట్టుకుని బతికిన వంశం పట్నం చేరితే ముడి వదులవుతుందట, నాలుగు తరాల్లో ఇల్లు కూలుతుందట. మేం కొండల్లోంచి లియాన్ వచ్చినవాళ్లం. మాకు ఒక్క తరం కూడా పట్టలేదు. ఫిలోమెన్ మొగుడు పని వెతుక్కుంటానని సెంతెతియెన్ అనే గనుల ఊరికి వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. నా మొగుడు పనామాలో. అమ్మ మమ్మల్ని బండెక్కించినప్పుడు చెయ్యి కూడా ఊపలేదు. ఊపితే దిగిపోతామని భయమట.

నేను ఆ కుప్పలకి అలవాటు పడ్డానంటే చాలదు. నాకు అవి కావాలనిపించేది. పదేళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. చనిపోయే ముందు సాయంత్రం ఫిలోమెన్ మా గదికి వచ్చి, "అక్కా, ఇవాళ నీ దగ్గర పడుకోనా?" అంది. నాకు నడుం పడిపోయి ఉంది. రోజూ అదే ఏడుపు విని విసిగి ఉన్నాను. "నీ ఏడుపు నీ ఇంట్లో ఏడువు" అన్నాను. అంతే. టకటకమంటూ దిగి వెళ్లిపోయింది.

ఈ కార్డులేమో వేరే మాట చెబుతున్నాయి. మొగుడు వదిలేసిన ఆడవాళ్లు ప్రతి ఏడూ ఇంచుమించు అంతే మంది పోతున్నారు, అక్క ఏమన్నా, అనకపోయినా. ఆ లెక్క చూసిన రోజు నేను వంటింట్లోకి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాను. నన్ను చంపినదానిగా చూడని మొదటి వస్తువు లోకంలో ఆ కాగితమే.

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం ప్రొఫెసర్ గారు నాకు కుర్చీ లాగారు. ఆయన ఎదురుగా. తన చేత్తో కాఫీ పోసిచ్చారు.

"మేడమ్, మీ సాయం కావాలి. ఇది పుస్తకాల్లో దొరికేది కాదు."

అన్నాళ్లూ నేను 'ఒసే ఓదీల్'నే. కాఫీ కప్పు రెండు చేతులా అందుకున్నాను.

"పదిహేనేళ్లలో సోన్ నదిలో నలభై మూడు మంది ఉతుకుడు ఆడవాళ్లు పడిపోయారు. అందరిదీ ప్రమాదమేనట. పంతొమ్మిది రిపోర్టుల్లో బూట్లు పడవ మీదే దొరికాయని ఉంది. మీరు ఇరవై ఏళ్లు ఆ పడవల్లో ఉన్నారు. చెప్పండి, ఉతికేటప్పుడు బూట్లు విప్పుతారా?"

గాస్పార్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

విప్పుతాం అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆయన నన్ను చూస్తున్నాడు, ఒక పండితుడు ఇంకో పండితుణ్ణి చూసినట్టు. ఫిలోమెన్ ఆ మొదటి రాయి కిందికి చేరితే వేలమందిలో ఒకతె అవుతుంది. ఇంక నా చెల్లెలు నా మాట వల్ల పోయినది కాదు.

"విప్పమండీ" అన్నాను. "చలికాలం పలకల మీద మంచు పేరుకుంటుంది. వట్టి కాలు పెడితే చర్మం అంటుకుపోతుంది."

"వేసవిలో?"

"వేసవిలోనూ విప్పం. పడవ మీద బూట్లు విప్పేది శవానికే. కొత్తగా వచ్చిన పిల్ల తెలియక విప్పితే మేస్త్రమ్మ బాదే కర్రతో వీపు మీద ఒకటి వేసి మళ్లీ తొడిగిస్తుంది."

"ఎప్పుడూ విప్పరు?"

"ఎప్పుడూ."

"బ్రావో, మేడమ్."

పంతొమ్మిది కార్డులూ ప్రమాదాల పెట్టెలోంచి తీశాను. ఫిలోమెన్ కార్డు పదకొండోది. నా చేత్తోనే దాన్ని మొదటి రాయి కింద పెట్టాను. ఆ రిపోర్టులో ప్రమాణం చేసిన అక్క పేరు 'మోంతెల్ భార్య' అని ఉంది. ఆ ఇంట్లో నా ఇంటిపేరు ఎవరూ ఎన్నడూ అడగలేదు.

"ఎవరి పేరూ బయటికి రాదు కదండీ?"

"శాస్త్రానికి పేర్లతో పనేముంది?" అన్నాడు.

జనవరి ఆఖర్లో ఆయన ఊళ్లో అందరికీ బహిరంగంగా ఉపన్యాసం ఇచ్చాడు. పక్కింటామె టోపీ అడిగి పెట్టుకుని వెళ్లాను. గాస్పార్ నన్ను మధ్య వరసలో కూర్చోబెట్టాడు. ముందు వరసలో మఠం ఫాదర్ గారు ఉన్నారు. ఈ దేవుడు లేని శాస్త్రాన్ని వారపత్రికలో ఉతికి ఆరేయడానికి పెన్సిలూ కాగితం పట్టుకొచ్చారు.

గంటసేపు అంకెలే. ఆడవాళ్లు ఆవలిస్తున్నారు. అది గమనించాడేమో, ఆయన కాగితం పక్కన పెట్టాడు.

"ప్రభుత్వ లెక్కల్ని నమ్మొచ్చా? ఒక ఉదాహరణ చెబుతాను. ఎనభై ఆరు జనవరి. సెయింట్ విన్సెంట్ రేవులో మూడో పడవ. ఇరవై ఏడేళ్ల స్త్రీ, భర్త వదిలేశాడు, ఆరేళ్ల కూతురు. అంచున బూట్లు పక్కపక్కన ఉన్నాయి. అక్క శిలువ మీద ప్రమాణం చేసి తానే సర్దానంది. రాజ్యం నమ్మింది, చర్చి నమ్మింది. పదేళ్ల తర్వాత అదే అక్క, నా బల్ల దగ్గర, కాఫీ తాగుతూ, పడవ మీద బూట్లు విప్పేది శవానికే అని నాకు చెప్పింది."

జనం నవ్వారు. హాయిగా, పొట్ట పట్టుకుని.

"లేవకు, అక్కా" అన్నాడు గాస్పార్ పెదాలు కదపకుండా. "తల వంచకు. అందరూ చూస్తారు."

అప్పటికే ఫాదర్ గారు వెనక్కి తిరిగారు. మఠానికి నెలనెలా అగాత్‌ని చూడటానికి వెళ్లే నన్ను ఆయన గుర్తుపట్టడానికి ఎంతసేపు కావాలి? టోపీ కింద నా మొహం దొరికించుకుని, పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్ గారింటికి వెళ్లాను. ఆయన గుడ్డు పెంకు చెంచాతో కొడుతున్నాడు.

"మీకు ముందే తెలుసా అయ్యా, నేనే ఆ అక్కనని?"

"నిన్ను పనిలో పెట్టుకోకముందే ఆ ఫైలు చదివాను, ఆ మోంతెల్ భార్య ఏ పడవలో ఉందో వాకబు చేశాను. లేకపోతే బట్టలుతికేదాన్ని నకళ్లు రాయడానికి ఎందుకు తెచ్చుకుంటాను?" మళ్లీ నేను ఓదీల్‌ని అయిపోయాను.

"అడిగితే చెప్పేదాన్ని కదండీ."

"చెప్పేదానివి కాదు. ఎందుకు అడుగుతున్నారో తెలిస్తే సాక్షి అబద్ధం ఆడతాడు. తెలియనప్పుడే మనిషి నోట నిజం వస్తుంది."

"కొవ్వొత్తుల పండుగ ఇంకా ఎనిమిది రోజులే. ఆ పిల్లని పంపించేస్తారు."

"పంపిస్తారు. పంపించాలి. ఎవరిని బయటికి నెడతామో దాన్నిబట్టే లోపల ఉన్నది మనమని గుంపుకి తెలుస్తుంది. శిక్ష దోషి కోసం కాదు ఓదీల్, మిగతావాళ్ల కోసం." గుడ్డులో ఉప్పు చల్లుకుని, సొరుగులోంచి ఒక ఖాళీ కార్డు తీసిచ్చాడు. "ఏ రోజు పంపారు, ఏ మాట అని పంపారు, తర్వాత పిల్ల ఏమైంది, రాసి పెట్టు. వెలివేత మీద నా దగ్గర మంచి ఉదాహరణ లేదు."

వాకిట్లో గాస్పార్ ఎదురయ్యాడు. నా మొహం చూడలేదు.

"నువ్వూ చదివావా ఆ ఫైలు?"

"చదివాను."

"మరి చెప్పలేదేంరా?"

"చెబితే ఉద్యోగం పోదా, అక్కా?"

"అద్దె ఎవరు వసూలు చేస్తున్నారని రోజూ అడిగేవాడివి కదరా."

 వాణ్ణి వాకిట్లోనే వదిలేసి వచ్చేశాను.

అగాత్ ఆదివారం పూజ వేళకి వచ్చింది. కింద వీధిలో గంటలు మోగుతున్నాయి. చేతిలో చిన్న మూట. మఠం గౌను విప్పించుకున్నారు. ఎవరిదో పొట్టి గౌను వేసుకుని ఉంది, మణికట్లు బయటికి కనబడుతున్నాయి. కాళ్లకి గుడ్డ చెప్పులు, మంచులో నాని చిరిగిపోయాయి.

"కూర్చో అమ్మా, పొయ్యి దగ్గరికి రా."

"కూర్చోను పెద్దమ్మా. మదర్ ఒక మాట చెప్పి పంపింది. నువ్వొచ్చి మళ్లీ శిలువ మీద ప్రమాణం చేసి, ఆ ప్రొఫెసర్ అబద్ధమాడాడని చెబితే, నన్ను ఉంచుకుంటుందట."

నేను శాలువా అందుకున్నాను. "పద. ఇప్పుడే పద."

"ఆగు." తలుపుకి అడ్డంగా నిలబడింది. ఫిలోమెన్ కూడా అలాగే భుజం ఆనించి నిలబడేది. "ముందు నాకు చెప్పు. ఇక్కడ శిలువ లేదు, ఏమీ లేదు. మా అమ్మ జారిందా?"

అబద్ధం నాకు చేతకాక కాదు. పదేళ్లు ఆడాను. కానీ ఆ పిల్ల కళ్లు నా మొహం మీద నుంచి కదల్లేదు. ఒక్కర్తినే మోసి మోసి నేను అలిసిపోయి ఉన్నాను. అంత బరువు పదిహేడేళ్లదాని నెత్తిన దించాను. ఉంగరం సంగతి చెప్పాను. నోట్లో దాచుకున్న సంగతి చెప్పాను.

"చివరిసారి నీతో ఏమంది?"

"వద్దమ్మా."

"ఏమంది, పెద్దమ్మా?"

"ఇవాళ నీ దగ్గర పడుకోనా అంది."

"నువ్వేమన్నావు?"

అది కూడా చెప్పాను.

తన చిరిగిన చెప్పుల వైపు చూసుకుంది. తర్వాత అగాత్, "అయితే ప్రమాణం చేయొద్దులే" అంది. "నేను ముసుగు వేసుకున్నన్నాళ్లూ ఆ అబద్ధం కింద మోకరిల్లాలి. అమ్మ బూట్లు నీ దగ్గరే ఉన్నాయి కదూ?"

మంచం కింద నుంచి తీశాను. ఏటా వాటికి నూనె రాసేదాన్ని. తడి చెప్పులు విడిచి వాటిలో కాళ్లు పెట్టింది. కొలిచి చేయించినట్టు సరిపోయాయి. ఉంగరం ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"ఎక్కడికి పోతావే? ఈ చలిలో ఎవరున్నారు నీకు? ఉండిపో తల్లీ, ఇక్కడే ఉండిపో."

గడప మీద ఆగి నావైపు తిరిగింది. గొంతు మార్చలేదు, కోపం కూడా లేదు.

"ఇవాళ నీ దగ్గర పడుకోనా, పెద్దమ్మా?"

"పడుకో అమ్మా! నా మంచం మీదే..."

నా మాట పూర్తి కాకముందే నవ్వింది. కావాలని, నా మొహంలోకి చూస్తూ నవ్వింది. "నువ్వు ఎంత తొందరగా ఒప్పుకుంటావో చూద్దామని అడిగాను" అని మెట్లు దిగింది.

నేను లెక్కపెడుతూ విన్నాను. మా గుట్టకి నూట పన్నెండు మెట్లు. ఆఖరి మెట్టు దిగాక ఎడమకి తిరిగితే నది, కుడికి తిరిగితే రైలు స్టేషన్. సరిగ్గా అప్పుడే ఒక పీపాల బండి రాళ్ల మీద దడదడమంటూ పోయింది. అది పోయేసరికి ఏ చప్పుడూ లేదు.

మోకాళ్లు తడవని పని వదులుకోలేక ప్రొఫెసర్ గారి దగ్గర ఇంకో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆయన పుస్తకం వచ్చింది. ఉతుకుడు ఆడవాళ్ల సంగతి అందులో రెండు వాక్యాలు, అడుగున. గాస్పార్ వేరే ఊళ్లో ప్రొఫెసర్ అయ్యాడు. గోడల గురించే చెబుతున్నాడట.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆ రేవులో పడవలు రెండే మిగిలాయి. జనవరి వచ్చిందంటే తెల్లవారగానే దిగి, అంచు పొడవునా చూసుకుంటూ నడుస్తాను. ఉతికేవాళ్లు నన్ను ఎరుగుదురు. "ఏం పోగొట్టుకున్నావే ముసలీ?" అని అరుస్తారు, నీళ్లు చిమ్ముతారు. అంచున విప్పి పెట్టిన బూట్లు ఇంతవరకూ కనబడలేదు.

ఆయన ఇచ్చిన కార్డు నా దగ్గరే ఉంది. పంపిన రోజు రాశాను, అన్న మాట రాశాను. అలవాటైన చెయ్యి కదా, అక్షరాలు కూడా గుండ్రంగా వచ్చాయి. 'తర్వాత ఏమైంది' అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. రేపు మళ్లీ రేవుకి వెళ్లాలి.